సమస్య: వైరి గెలువ మదికి వచ్చె హాయి

నార్వుడ్, మసాచుసెట్స్ నుంచి. 2025 అక్టోబర్ 3, శుక్రవారం ఉదయం.

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇవ్వడం నా వంతు. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇంకో విషయం మీద మనసు పోవడం లేదు. అందుకే దీన్నే ఇస్తున్నాను.

వైరి గెలువ మదికి వచ్చె హాయి

ఆటవెలది నాలుగో పాదం. వైరి, గెలువ, మదికి, వచ్చె, హాయి: ఐదూ సూర్యగణాలే. వై, వ లకు యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొందిక. మిగతా మూడు పాదాలు మీవి.

బేస్‌బాల్ తెలియనివాళ్ళ కోసం సంగతి చెబుతాను. మాది బోస్టన్ రెడ్ సాక్స్. న్యూయార్క్ యాంకీస్ మాకు నూరేళ్ళ పైబడిన వైరి. ఈసారి నాకౌట్ దశ మొదటి అంచె అయిన మూడాటల వైల్డ్ కార్డ్ సిరీస్‌లో ఇద్దరం తలపడ్డాం. మూడూ బ్రాంక్స్‌లో, వాళ్ళ మైదానంలోనే. మంగళవారం 3-1తో మేమే గెలిచాం. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. బుధవారం ఎనిమిదో ఇన్నింగ్‌లో వాళ్ళు ఒక్క సింగిల్ (మొదటి బేస్ దాకా చేర్చే దెబ్బ) కొడితే మొదటి బేస్ మీదున్న జాజ్ చిజమ్ ఇంటిదాకా, అంటే హోమ్ ప్లేట్ దాకా పరుగెత్తి వచ్చేశాడు, 4-3తో పోయింది. నిన్న రాత్రి 4-0తో ఓడిపోయాం.

ఓడినందుకు బాధే. కానీ నన్ను పొడిచింది ఓడించిన మనిషి. కామ్ ష్లిట్లర్ అనే కుర్రాడు. జూలైలోనే పెద్ద లీగులోకి వచ్చాడు. ఎనిమిది ఇన్నింగ్స్ బంతి వేసి, ఒక్క పరుగు ఇవ్వకుండా, ఒక్కరికీ వాక్ (ఉచితంగా మొదటి బేస్) ఇవ్వకుండా, పన్నెండు స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ను అవుట్ చేయడం) చేశాడు. పెరిగింది వాల్పోల్‌లో. మా నార్వుడ్‌ను ఆనుకుని ఉన్న ఊరు! చదివింది బోస్టన్‌లోనే, నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీలో. మా పెరటి చెట్టు కాయ వెళ్ళి వాళ్ళ బుట్టలో పడింది. ఆరో ఇన్నింగ్‌కి నేను కంచం ముందు కూర్చుని చారన్నం కలిపాను. ఆట అయ్యేసరికి అది ఎండి చేతికి అంటుకుపోయింది.

ఈ పాదంలో ఉన్న హాయి నాకు రాలేదు. మీలో ఎవరైనా చూపిస్తారేమోనని ఇస్తున్నాను.

ఎడిసన్ మిత్రుడు (న్యూజెర్సీ):

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నేను పాతికేళ్ళుగా యాంకీస్ మనిషిని. నాకు ఈ పాదంలో సమస్యే కనబడలేదు.

మూఁడు నాళ్ళ నుండి ముద్ద దిగదు మాకు,
నిదుర లేదు కనుల నిన్న వఱకు;
ఎఱ్ఱ జట్టువారి కెన్నాళ్ళ నుండియో
వైరి గెలువ మదికి వచ్చె హాయి.

నార్వుడ్:

తమ్ముడూ, చదవగానే గుండెలో కలుక్కుమంది. అయినా పద్యం పద్యమే. 'ముద్ద దిగదు' అన్నది మాకూ వర్తిస్తుంది, అందుకే నిజంగా ఉంది. గణాలు సరిపోయాయి. 'వారి కెన్నాళ్ళ' దగ్గర ఎకారానికి యతి చక్కగా పడింది. ఒక్కటే లోపం, 'నాళ్ళ నుండి' రెండుసార్లు వచ్చింది. మూడో పాదాన్ని 'ఎఱ్ఱ జట్టువారి కెప్పటికైనను' అంటే పునరుక్తి పోతుంది.

ఎడిసన్ మిత్రుడు: సవరించుకున్నాను. ధన్యవాదాలు అన్నా.

'కొత్త పద్యం' పేరుతో రాసేవారు (హైదరాబాద్):

నమస్కారమండీ. ఇది నా మూడో పద్యం. మా అక్క బోస్టన్‌లో ఉంటుంది, తన దగ్గర ఆర్నెల్లు ఉన్నప్పుడు ఈ ఆట అలవాటైంది. పొద్దున్నే ఆఫీసు బస్సులో ఫోన్‌లో చూశాను. నాలుగో ఇన్నింగ్‌లోనే అయిపోయింది కదండీ.

నాలుగవ యినింగ్సు నాలుగు పరుగులు
చేయి జారిపోయె జట్టు ముందు
ఇంక లేదు బెంగ, యీ యేటి కింతె, యా
వైరి గెలువ మదికి వచ్చె హాయి.

నార్వుడ్:

మూడో పాదం నన్ను పట్టుకుంది. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ దాకా 162 ఆటలు, రోజూ ఆ టెన్షన్. అది తెగిపోయినప్పుడు ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టు ఉంటుంది. దాన్ని హాయి అనడానికి నాకు నోరు రాదు గానీ, నువ్వన్నది అబద్ధం కాదు.

ఇక రెండో పాదంలో యతి తప్పింది. 'చే'కి 'జ' సరిపోదు. చ, జ హల్లులు కలుస్తాయి, ఏ, అ అచ్చులు కలవవు. ఏకారానికి ఇ, ఈ, ఎ, ఏ, ఋ లలో ఒకటి కావాలి. ఇలా చూడు: 'చేయి జారిపోయెఁ జిత్త మవిసె'. చిత్తంలోని చి, అరసున్న తర్వాత జి అవుతుంది. చే, జి మైత్రి ఉంది. 'జట్టు ముందు' అన్నది ఎలాగూ యతి కోసం తెచ్చిన మాటే, దాన్ని వదులుకున్నా నష్టం లేదు.

కొత్త పద్యం: అచ్చు కూడా కలవాలని ఇప్పుడు మనసుకు ఎక్కిందండీ. 'యినింగ్సు' అని కుదించడం తప్పా?

నార్వుడ్: తప్పు కాదు. ఇక్కడివాళ్ళు పలికేది 'ఇనింగ్' అనే. మనమే నకారాన్ని ఒత్తుతాం.

నాషువా (న్యూ హాంప్‌షైర్):

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో సంగతి. 2003 అక్టోబర్ 16, యాంకీస్‌తో ఏడాటల సిరీస్‌లో ఏడో ఆట, అదే బ్రాంక్స్. ఎనిమిదో ఇన్నింగ్‌లో 5-2తో మనమే ముందున్నాం. అలసిపోయిన మన పిచర్ (బంతి వేసేవాడు) పెడ్రో మార్టినెజ్‌ని మేనేజర్ గ్రేడీ లిటిల్ దించలేదు. వరసగా దెబ్బలు తగిలి 5-5 అయింది. అర్ధరాత్రి దాటాక పదకొండో ఇన్నింగ్, టిమ్ వేక్‌ఫీల్డ్ వేసిన మొదటి బంతికే వాళ్ళ ఆరన్ బూన్ హోమ్‌రన్ కొట్టాడు. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉన్నాం, టీవీ ఆపేయడానికి కూడా ఎవరం లేవలేదు. ఆ బూనే ఇప్పుడు యాంకీస్ మేనేజర్. నిన్న రాత్రి వాళ్ళ డగౌట్‌లో అతని మొహం చూపించినప్పుడల్లా నాకు ఆ గదే గుర్తొచ్చింది.

బూను కొట్టినపుడు పొగిలితి రాత్రంత;
మఱుసటేఁడు తీరె మా ఋణమ్ము;
మూఁడు పోయి నాల్గు మొక్కవోక నిలిచి
వైరిఁ గెలువ మదికి వచ్చె హాయి.

నార్వుడ్:

అన్నగారూ, 2004! యాంకీస్ చేతిలో మూడు ఆటలు వరసగా ఓడి, ఆపైన వరసగా నాలుగు గెలవడం. 1918 తర్వాత మళ్ళీ వరల్డ్ సిరీస్ కప్పు వచ్చింది ఆ ఏడే. 'మొక్కవోక' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాలుగో ఆట తొమ్మిదో ఇన్నింగ్‌లో మన డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించిన (బంతి వేస్తుండగానే పరుగెత్తి చేరిన) క్షణానికి అంతకంటే సరైన తెలుగు మాట లేదు.

కానీ ఒక సందేహం. నేనిచ్చింది 'వైరి', మీరు 'వైరిఁ' అన్నారు. అరసున్న చేరితే సమస్య మారిపోయినట్టేనా? మాస్టారు చెప్పాలి.

తెనాలి మాస్టారు:

నాయనా, వైరిన్ అన్న ద్వితీయలో నకారం అరసున్న అయింది. తర్వాత ఉన్నది గకారం, అది సరళమే కనుక మారదు. 'వైరి గెలువ' అంటే శత్రువు గెలవడం, 'వైరిఁ గెలువ' అంటే శత్రువును గెలవడం. చెవికి రెండూ ఒకటే. అవధానంలో సమస్యను నోటితోనే ఇస్తారు, అడిగే పృచ్ఛకుడు అరసున్న ఉందని గానీ లేదని గానీ చెప్పడు. కాబట్టి ఇది ధర్మమైన పూరణే. రాసి ఇచ్చిన చోట మాత్రం పూరకుడు ఆ మాట పైకి చెప్పాలి.

ఇక నా పూరణ. నాకు మీ ఆట తెలియదు. నువ్వు రాసిన పక్క ఊరి పిల్లవాడి కథ మాత్రం అర్థమైంది. నిన్న మాకిక్కడ విజయదశమి. జమ్మి చెట్టుకు ప్రదక్షిణ చేసి, 'శమీ శమయతే పాపం' అని చీటీ రాసి కట్టి వచ్చాను. అర్జునుడు జమ్మి మీద నుంచి గాండీవం దింపించి మొదట ఎదిరించినవాళ్ళలో సొంత గురువు ద్రోణుడు ఉన్నాడు కదా.

తనకు శిష్యుఁ డయ్యుఁ దన మీఁద బాణాలు
వేయు నరునిఁ జూచి వెలిఁగె గురువు;
నేర్పినట్టి విద్య నిలిచెను గద యని
వైరి గెలువ మదికి వచ్చె హాయి.

నార్వుడ్:

మాస్టారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. వాల్పోల్‌లో ఆ పిల్లవాడికి మొదటిసారి బంతి పట్టుకోవడం నేర్పినవాళ్ళు ఎవరో ఉంటారు. వాళ్ళలో చాలామంది రెడ్ సాక్స్ మనుషులే అయి ఉండాలి. నిన్న రాత్రి వాళ్ళ ఇళ్ళలో ఎలా ఉండి ఉంటుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా కోపంలో నేనున్నాను.

నాషువా: మాస్టారూ, చనువుకు క్షమించండి. మొదటి పాదంలో 'బాణాలు' వ్యావహారికం. చుట్టూ అరసున్నలు పెట్టి గ్రాంథికంగా నడిపి, అక్కడ ఒక్కచోట జారినట్టుంది. 'తన మీఁద శరములు' అంటే సలము, నలము అనే ఇంద్రగణాలు పడి గణాలూ కుదురుతాయి.

తెనాలి మాస్టారు: నిజమే. శరములే ఉంచండి. చెప్పినందుకు సంతోషం.

శ్రూస్‌బరీ అక్కయ్య (మసాచుసెట్స్):

మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా బాబుకి తొమ్మిదేళ్ళు, రెడ్ సాక్స్ అంటే ప్రాణం. మా అమ్మాయి న్యూయార్క్‌లో చదువుతూ యాంకీస్ వైపు వెళ్ళిపోయింది. దసరాకని ఇంటికొచ్చింది. ఆట అయ్యాక తను చప్పట్లు కొట్టలేదు, గబగబా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

చిన్నవాఁడు నిదురఁ జెందక యేడ్చెను
విసిరివేసె టోపి వెక్కి వెక్కి;
అక్క హత్తుకొనియె, నా చిట్టి మనసును
వైరి గెలువ మదికి వచ్చె హాయి.

నార్వుడ్:

అక్కయ్యా! 'గెలువ'కు కర్మను పై పాదంలో పెట్టారు. ఆ చిట్టి మనసును వైరి గెలిచింది. పాదంలో ఒక్క అక్షరం కదపకుండా అర్థమంతా తిప్పేశారు. ఇప్పటిదాకా వచ్చినవాటిలో సమస్యను పూర్తిగా విప్పింది ఇదేనని నా అభిప్రాయం.

తెనాలి మాస్టారు: తల్లీ, చాలా బాగుంది. ఒక్క మాట. అక్కే వైరి అన్నది నీ వచనంలో ఉంది గానీ పద్యంలో లేదు. పద్యం విడిగా చదివినవాడికి ఆ వైరి ఎవరో తెలియదు. రెండో పాదాన్ని 'విసిరివేసె టోపి. వేఱు జట్టు' అని మార్చి, 'అక్క హత్తుకొనియె' అంటే ముడి పడుతుంది. పాదాల మధ్య విసంధి (సంధి చేయకపోవడం) ఉంటుంది, ఈ కాలపు పద్యంలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

శ్రూస్‌బరీ అక్కయ్య: మాస్టారూ, మీరు చెప్పింది సబబే. కానీ 'వెక్కి వెక్కి' పోతుంది కదండీ. వాడు అలా వెక్కుతుంటే వీపు మీద చెయ్యి వేసినప్పుడు ఎగిరెగిరి పడింది, నా చేతికి ఇంకా తెలుస్తోంది. ఆ మాట తీసేయలేను.

నార్వుడ్: నేనూ అక్కయ్య వైపే. వైరి ఎవరో పద్యం పైన ఒక వాక్యం చెబితే సరిపోతుంది. ఆ వెక్కిళ్ళు మాత్రం పద్యంలోనే ఉండాలి.

తెనాలి మాస్టారు: సరే తల్లీ, ఉంచు.

నార్వుడ్:

మాస్టారి ద్రోణుడు వచ్చాక నేనూ ఒకటి ప్రయత్నించాను. మధ్యాహ్నం లంచ్ టైములో కారులో కూర్చుని రాశాను.

ప్రక్క యూరివాఁడు పండ్రెండు మందిని
ఇంటి కంపె; నతని యింటివారు
మన గడపల వారె. మఱి వారి కొడుకైన
వైరి గెలువ మదికి వచ్చె హాయి.

కొత్త పద్యం: అన్నయ్యా, చెప్పొచ్చా? పన్నెండు స్ట్రైకౌట్లంటే పన్నెండు మంది కాదు కదా. బ్యాట్ పట్టే వరుసలో ఉండేది తొమ్మిది మందే, కొందరు రెండుసార్లు అయ్యారు. పైగా బేస్‌బాల్‌లో 'ఇంటికి' చేరడమంటే పరుగు వచ్చినట్టు. 'ఇంటి కంపె' అంటే అతనే మనకు పరుగులు ఇచ్చినట్టు అర్థం వస్తుంది.

నార్వుడ్:

రెండు మాటలూ నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ ఆట ఇన్నేళ్ళు చూసి ఇది రాశాను! సవరణ:

ప్రక్క యూరివాఁడు పండ్రెండు మాఱులు
వెడలఁ గొట్టె, నతని వీథివారు
మన గడపల వారె. మఱి వారి కొడుకైన
వైరి గెలువ మదికి వచ్చె హాయి.

వె, వీ యతి. ఇంటివారు పోయి వీథివారు వచ్చారు, అదే నయం. ఆ వీథి నాకు తెలుసు, శనివారాలు కూరగాయలకు ఆ దారినే వెళ్తాం.

ఎడిసన్ మిత్రుడు: అన్నా, ఈ పద్యంలో హాయి వాళ్ళది. మీ మాటేమిటి?

నార్వుడ్: నాకింకా రాలేదు తమ్ముడూ. రేపు మీవాళ్ళు టొరంటోలో బ్లూ జేస్‌తో ఆడతారు. ఆ ఆటలో నేను టొరంటో వైపే. సోమవారం రాత్రి దాకా పూరణలు తీసుకుంటాను. కందంలో రాయాలనుకునేవాళ్ళు పాదాన్ని సాగదీయకుండా, ఆటవెలదిలోనే పంపండి.