తీగ రెట్టింపు సాగితే ఆ శక్తి ఎక్కడిది?

మద్దిలపాలెం నుంచి, ఎమ్మెస్సీ విద్యార్థిని:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. విశ్వం పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపైతే అందులోని కాస్మిక్ స్ట్రింగ్ (తొలి విశ్వంలో ఏర్పడి ఉండొచ్చని ఊహించే, అతిసన్నని శక్తి తీగ) కూడా రెట్టింపు సాగుతుంది. మీటరుకు ఉండే శక్తి మారదు కాబట్టి మొత్తం శక్తీ రెట్టింపే. పెరిగిన భాగం పీడనం లెక్కలో రావాలి. పీడనమేమో శక్తి సాంద్రతలో (ఘనమీటరుకు ఉండే శక్తిలో) మైనస్ మూడోవంతు; మైనస్ అంటే నెట్టదు, లాగుతుంది. మొదట శక్తీ, ఘనపరిమాణమూ 1 అనుకుంటే, ఘనపరిమాణం 8 రెట్లు, అంటే పెరిగింది 7. గుణిస్తే 7/3 వస్తోంది, రావాల్సింది 1. రెండు రాత్రులుగా తప్పు దొరకడం లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్:
అమ్మా, దారి సరైనదే, గుణకారం దగ్గర తొందరపడ్డావు. పీడనం చివరిదాకా ఒకేలా ఉందనుకున్నావు. తీగ 2 రెట్లు, చోటు 8 రెట్లు అయ్యేసరికి సాంద్రత నాలుగో వంతుకు పడింది, పీడనమూ అంతే పడింది. చిన్న అడుగు వేసి చూడు. పొడవు 1 శాతం పెరిగితే ఘనపరిమాణం దాదాపు 3 శాతం పెరుగుతుంది. అందులో మూడోవంతు 1. తీగ పెరిగిందీ అంతే కదా! ఇలాంటి చిన్న అడుగులన్నీ కూడుతూ 8 రెట్ల దాకా సమాకలనం చెయ్యి.

మూడోవంతు ఎందుకంటే, తీగ తన పొడవునే లాగుతుంది, అడ్డంగా లాగదు. తీగలు అన్ని దిక్కులకూ పరుచుకుంటే ఆ లాగుడు మూడు దిక్కులకూ పంచుకుంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో పడవ కట్టే నైలాన్ తాడు లాగేకొద్దీ బిగుస్తుంది. ఈ తీగ ఎంత సాగినా తన్యత (లాగే బలం) మారదు, సన్నబడదు.

విద్యార్థిని:
సరిగ్గా 1 వచ్చింది సార్! కానీ తీగలున్న పెట్టెకైతే ఆ శక్తి ఇవ్వడానికి గోడను బయటికి లాగే చెయ్యి ఉంటుంది. విశ్వానికి బయట లాగేదెవరు?

లెక్చరర్:
ఎవరూ లేరమ్మా. 1918లో గణితవేత్త ఎమ్మీ నోదర్ చూపిందిదే: కాలం గడిచినా వ్యవస్థ తీరు మారకపోతేనే శక్తి నిత్యత్వం. వ్యాకోచించే విశ్వంలో ఆ షరతు చెల్లదు. చిన్న చిన్న చోట్ల జమాఖర్చు సరిపోతుంది, నువ్వు చేసిన లెక్క అదే. మొత్తానికి ఒకే ఖాతా లేదు. విశ్వం 3000 కెల్విన్ వేడిలో ఉన్నప్పుడు బయల్దేరిన తొలికాంతి నేడు 2.7 కెల్విన్‌కు చల్లారింది. ఒక్కో ఫోటాన్ శక్తి 1100వ వంతే మిగిలింది. ఆ పోయింది ఇంకెక్కడా జమకాలేదు.

గాజువాక నుంచి, పరిశోధక విద్యార్థి:
చెల్లీ, ఒక జాగ్రత్త. మాస్టారు చెప్పిన నాలుగో వంతు, ఒకదానికొకటి తగలని తిన్నటి తీగలకే. 1976లో భౌతిక శాస్త్రవేత్త కిబుల్ ప్రతిపాదించిన ఈ తీగలు నిజంగా ఉంటే, తగిలినచోట తెగి అతుక్కుంటాయి. ఉంగరాలు విడిపోయి, గురుత్వ తరంగాలుగా శక్తి వదులుతూ కరిగిపోతాయి. అప్పుడు సాంద్రత ఇంకా వేగంగా తగ్గుతుంది. ఇంతవరకూ ఒక్క తీగా కనబడలేదు. పరీక్షలో, తీగలు తగలవన్న ఊహను మొదటి లైన్లోనే రాసెయ్యి.