బ్రిటన్ సమానత్వ చట్టం (2010), సెక్షన్ 7: ‘చేయించుకున్నవారు’ అనొచ్చా?

ప్రశ్న: ఇక్కడి తెలుగువాళ్లకి ఉద్యోగ హక్కుల మీద చిన్న కరపత్రం రాస్తున్నాం. సెక్షన్ 7లోని ‘జెండర్ రీఅసైన్‌మెంట్’ (లింగమార్పు) దగ్గర ‘లింగమార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవారు’ అని పెట్టాను. సరిపోతుందా?

— సరిపోదండీ. ఆ సెక్షన్‌లో ఆపరేషన్ ఊసే లేదు. లింగం మార్చుకునేందుకు శరీర లక్షణాలనో, లింగానికి సంబంధించిన ఇతర లక్షణాలనో మార్చుకునే ప్రక్రియ ఉంటుంది. అందులోకి దిగదలచినవారు, మధ్యలో ఉన్నవారు, పూర్తిచేసినవారు, అందరికీ వివక్ష నుంచి రక్షణ ఉంది. ప్రక్రియలో కొంత భాగమైనా చాలు.

మీ ‘చేయించుకున్న’ పాత నిర్వచనానికైతే అతికినట్టుండేది. 1975 నాటి లింగవివక్ష చట్టంలో 1999లో దీన్ని చేర్చినప్పుడు ‘వైద్య పర్యవేక్షణలో’ అన్న షరతు ఉండేది. చేయించుకోవాలంటే చేసేవాడొకడు ఉండాలిగా! 2010 చట్టంలో ఆ షరతు ఎత్తేశారు. చట్టంతో పాటు వచ్చిన వివరణలో ఉదాహరణే ఉంది: ఆడపిల్లగా పుట్టిన వ్యక్తి మగవాడిగా బతకాలని నిర్ణయించుకుని అలాగే బతుకుతున్నాడు, డాక్టరు గడప తొక్కలేదు. అతనికీ రక్షణ ఉంది. కాబట్టి ‘మార్చుకొను’ వాడండి.

— ‘దిగదలచిన’ మరీ గ్రాంథికం మాస్టారూ. షాపుల్లో షిఫ్టులు చేసే పిల్లలు చదివేది. ‘మార్చుకోబోతున్న’ అంటే పోలా?

— బస్సు బయల్దేరబోతోంది అంటే ఇంజను స్టార్టయినట్టే. ‘బోతున్న’లో ఆ తొందర ఉంది. చట్టం తేదీ అడగదు. ‘మార్చుకోవాలని అనుకున్న’ అంటే ఊరికే మనసులో మాటలా తేలిపోతుంది. ‘మార్చుకోవాలని నిర్ణయించుకున్న’ అనండి, గ్రాంథికం గొడవా వదులుతుంది.

— 2025లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇదంతా కొట్టేసిందిగా?

— లేదండీ. ఏప్రిల్ 16 నాటి ఆ తీర్పు చట్టంలోని ‘సెక్స్’ అనే మాటకి. అది పుట్టుకతో వచ్చినదే అని తేల్చారు. సెక్షన్ 7 రక్షణ చెక్కుచెదరలేదు, తీర్పులోనే ఆ మాట చెప్పారు. చిక్కు మనకే: ‘సెక్స్’కీ, ‘జెండర్’కీ కూడా ‘లింగం’ అని రాసి ఊరుకుంటాం. ‘సెక్స్’కి ‘స్త్రీ లేక పురుషుడు కావడం’ అని విడిగా రాయండి, లేకపోతే చదివేవాళ్లు పప్పులో కాలేస్తారు. 2004 నాటి లింగ గుర్తింపు చట్టం కింద ఇచ్చే సర్టిఫికెట్ కూడా సెక్షన్ 7 రక్షణకి అక్కర్లేదు.

— అయితే ఇలా మారుస్తున్నాను: ‘తమ లింగాన్ని మార్చుకోవాలని నిర్ణయించుకున్న, మార్చుకుంటున్న, మార్చుకున్నవారు. వైద్యం తీసుకుని ఉండాలన్న నియమం లేదు.’ సర్టిఫికెట్ సంగతి దాని కిందే వేస్తాను.