మాండర్లీ పుట్టింది ఇంట్లోంచా, నోటుబుక్కులోంచా?

లాంతరు:
రొమాంటిక్ సస్పెన్స్ రాయాలనుకునే కొత్తవాళ్లకి ఈమధ్య ఒకటే సలహా ఇస్తున్నారు. పాడుబడ్డ బంగళా ఒకటి వెతుక్కోండి, నాలుగుసార్లు దాని చుట్టూ తిరగండి, కథ దానంతటదే వస్తుంది అని. సాక్ష్యం అడిగితే ఇంగ్లీషు రచయిత్రి డాఫ్నీ డ్యూ మారియర్ పేరు చెబుతారు. ఇంగ్లండు నైరుతి తీరాన కార్న్‌వాల్‌లో మెనబిల్లీ అనే ఇంటిని చూసి మనసు పారేసుకుంది, ‘రెబెకా’ నవల రాసింది, అయిపోయింది!

నేను ఒప్పుకోను. ఆ నవలని నిలబెట్టింది ఇల్లు కాదు, రాయడానికి ముందు ఆవిడ నోటుబుక్కులో అధ్యాయాలవారీగా వేసుకున్న పథకం. 1981లో ఆ నోటుబుక్కు అచ్చయింది కూడా.

కథ చదవనివాళ్లు ఇక్కడితో ఆగండి, ముగింపుతో సహా మాట్లాడబోతున్నాం. చదివి మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు: మాంటే కార్లోలో ఒక పేద అమ్మాయికి భార్య పోయిన మాక్సిమ్ డి వింటర్ పరిచయమై పెళ్లాడతాడు. ఆయన భవనం మాండర్లీకి వస్తే అక్కడ అడుగడుగునా మొదటి భార్య రెబెకా గుర్తులే. ఇంటి పెత్తనమంతా మిసెస్ డాన్వర్స్‌ది. రెబెకా పడవ మునిగి చనిపోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి మాక్సిమ్ ఆమెని కాల్చి చంపాడు.

ఏటిగట్టు:
లాంతరు గారూ, మెనబిల్లీ లేకపోతే మాండర్లీ లేదు. తీవెలు అల్లుకుపోయి, కిటికీలు మూసేసి ఉన్న ఆ ఇంటిని ఆవిడ ఇరవైల వయసులోనే చూసింది. రాష్‌లీ కుటుంబం వాళ్ల ఇల్లది. దాని కింద పాల్‌రిడ్‌మత్ అనే చిన్న సముద్రపు వంపు, ఒడ్డున కుటీరం ఉన్నాయి. 1930 జనవరిలో అక్కడ రోమనీ అనే ఓడ రాళ్లకి తగులుకుంది. నవలలో రెబెకా పడవ బయటపడేదెలా? పొగమంచులో ఓడ రాళ్లకి తగులుకుంటుంది, దాన్ని చూడ్డానికి దిగిన గజ ఈతగాడికి అడుగున పడవ కనిపిస్తుంది. అంటే నడిమలుపు ఆ చోటు ఇచ్చిందే కదా. దీన్ని నోటుబుక్కు ఇచ్చిందని ఎలా అంటారు?

లాంతరు:
ఆవిడ మెనబిల్లీలో కాపురం పెట్టింది 1943లో. నవల వచ్చింది 1938 ఆగస్టులో. మొదలుపెట్టింది 1937లో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. భర్త బ్రౌనింగ్ సైన్యాధికారి, అక్కడికి బదిలీ అయితే వెంట వెళ్లింది. ఎండా ఇసుకా తప్ప కళ్ల ముందు ఏమీ లేని చోట రాసిన పుస్తకానికి ఇంటి గోడలు ప్రాణం పోశాయంటే ఎలా?

ఏటిగట్టు:
1943 అద్దెకి దిగిన ఏడాది. చూసిన ఏడాది కాదు.

లాంతరు:
చూడటం వేరు, రాసేటప్పుడు ఎదురుగా ఉండటం వేరు. నేనంటున్నది అదే.

ఏటిగట్టు:
ఎదురుగా లేకపోవడమే రాయించింది. అలెగ్జాండ్రియాలో ఉక్కపోతలో కూర్చుని కార్న్‌వాల్ మీద బెంగ పెట్టుకుంది కాబట్టే ఆ నవల కల లాగా మొదలవుతుంది. మాండర్లీ దారిలో చెట్లు, తడి ఆకులు, పొగమంచు గురించి అంత ఆబగా రాయడం బెంగ ఉన్నవాళ్లకే వస్తుంది. మెనబిల్లీ వదలాల్సొచ్చింది 1969లో, అప్పటిదాకా ఇరవై ఆరేళ్లు ఆ అద్దె ఇంటిని బాగుచేయించుకుంటూ అక్కడే ఉంది. ఇల్లు అంత చిన్న విషయమే అయితే ఇదంతా ఎందుకు చేస్తుంది?

పాత బైండు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. మాండర్లీ లోపలి గదులు, మెట్లు, నౌకర్ల వరుస మెనబిల్లీవి కావు. చిన్నప్పుడు ఆవిడ వెళ్లిన పీటర్‌బరో దగ్గరి మిల్టన్ అనే పెద్ద భవనంవి. చోటేమో మెనబిల్లీది, కొలతలేమో మిల్టన్‌వి. రాసేవాళ్లకి పనికొచ్చేది ఈ జోడింపే. ఒకే ఇంటిని ఉన్నదున్నట్టు దించితే పాత్రలు నడవాల్సిన దారి ఆ ఇంట్లో ఉండదు. తూర్పు భాగంలో కొత్త భార్య, పడమటి భాగంలో మూసిపెట్టిన రెబెకా గది: ఈ విడదీత కథకి కావాలి కాబట్టి కట్టింది.

సీతాకోక:
కథ చెప్పే అమ్మాయి పేరు ఎక్కడా లేదు కదా, కావాలనే చేశారా?

లాంతరు:
మొదట పేరు తోచలేదు. తర్వాత పేరు లేకుండా మొత్తం నడపడం ఒక పంతంగా పెట్టుకున్నానని ఆవిడే చెప్పుకుంది. ఫలితం చూడండి. ఆ ఇంట్లో ‘మిసెస్ డి వింటర్’ అని పిలిచిన ప్రతిసారీ ఎవరిని పిలిచారో అన్న అనుమానం మనకే వస్తుంది. ఇది ఏ ఇంటి గోడా ఇవ్వదు.

సశేషం:
పథకం సంగతి వచ్చింది కాబట్టి లెక్క చెబుతాను. నవల 27 అధ్యాయాలు. 16లో వేషాల విందు. డాన్వర్స్ మాట విని కొత్త భార్య గ్యాలరీలోని పాత చిత్రపటంలో ఉన్న దుస్తులే కుట్టించుకుంటుంది, అంతకుముందు రెబెకా వేసింది కూడా అవే. 18లో కిటికీ దగ్గర డాన్వర్స్ ఆమెని దూకమని పురిగొల్పుతుండగా ఓడ ప్రమాదం తాలూకు తారాజువ్వలు పేలతాయి. 19 చివర మాక్సిమ్ నిజం ఒప్పుకుంటాడు. అంటే హత్య అన్న మాట బయటికి వచ్చేసరికి పుస్తకంలో మూడింట రెండు వంతులు దాటిపోయింది.

మన వారపత్రికల పద్ధతిలో ఇది నడవదు. మొదటివారం ‘సశేషం’ పడేలోపు శవం కావాలంటారు. నా సీరియల్‌లో మొదటి మూడు అధ్యాయాలు కోయించి హత్యని ముందుకి జరిపించారు, అదే నా బాధ. హత్య ముందుకి వస్తే పాఠకుడు ‘ఎవరు’ అని వెతుకుతాడు. ఇక్కడ 19 అధ్యాయాలపాటు వెతికేది ‘నన్ను ప్రేమిస్తున్నాడా’ అని. ఆ ప్రశ్నకీ హత్యకీ ఒకే సంభాషణలో జవాబు దొరుకుతుంది: రెబెకాని ప్రేమించనే లేదు, చంపాను. రెండు ముళ్లూ ఒకేసారి విప్పాలంటే రెండో ముడిని అంతదాకా దాచాలి.

ఏటిగట్టు:
పత్రికలు మీకేం చేశాయో దానికీ మెనబిల్లీకీ సంబంధమేమిటండీ?

సశేషం:
సంబంధం ఉంది. ఇల్లు చాలు అనేవాళ్ల వల్లే కొత్తవాళ్లు దాచడం నేర్చుకోవడం లేదు. ఆ ముడి దాచడానికి ముందే ఎన్ని విత్తారో చూడండి. పాత రెయిన్‌కోటు జేబులో ఆర్ అక్షరం ఉన్న చేతిరుమాలు. కుక్క జాస్పర్ పరుగెత్తుకెళ్లే ఒడ్డు, అక్కడ మతిలేని బెన్ గొణిగే మాటలు. ఎప్పుడో దూరాన కొట్టుకొచ్చిన శవాన్ని మాక్సిమే రెబెకా అని గుర్తుపట్టడం. తర్వాత విచారణలో పడవ కట్టినవాడు చెప్పేది: అడుగు చెక్కల్లో మూడు రంధ్రాలు, లోపలినుంచి కొట్టినవి, నీటి కుళాయిలు పూర్తిగా తిప్పి ఉన్నాయి. పడవ బయటపడ్డాకే ఈ రంధ్రాల గురించి మొదటిసారి అనుకుని ఉంటే బెన్ పాత్ర అక్కడ ఉండేదే కాదు.

పాత బైండు:
ఆ ఆర్ అక్షరం సంగతి కూడా చెప్పాలి. బ్రౌనింగ్‌కి పెళ్లికి ముందు జాన్ రికార్డో అనే అమ్మాయితో నిశ్చితార్థం అయింది. ఆమె ఉత్తరాలు డ్యూ మారియర్ కంటపడ్డాయి, సంతకంలో ఆర్ పొడుగ్గా, ధీమాగా ఉండేది. నవలలో కవిత్వ పుస్తకం మీద రెబెకా రాసిన ఆర్ కూడా మిగతా అక్షరాల్ని కుంగదీసేంత పొడుగు. మూలం ఇల్లూ కాదు, నోటుబుక్కూ కాదు, అసూయ. ఇది అసూయ మీద రాసిన పుస్తకమని ఆవిడే అంది.

వకీలు:
నోటుబుక్కు వల్ల ఇంకో ఉపయోగం. బ్రెజిల్ రచయిత్రి కరోలినా నబూకో 1934 నవలతో పోలికలున్నాయని విమర్శ వచ్చింది. అది కోర్టుకెక్కలేదు. కోర్టుకెక్కింది అమెరికాలో ఎడ్వినా మెక్‌డొనాల్డ్ తరఫు దావా. 1947లో డ్యూ మారియర్ న్యూయార్క్ వెళ్లి సాక్ష్యం చెప్పింది, ఆ నోటుబుక్కు కూడా పట్టుకెళ్లింది. 1948లో దావా కొట్టేశారు. రాసేవాళ్లు చిత్తుప్రతులు, తేదీలతో పథకాలు పారేయకండి.

లాంతరు:
అదే అంటున్నాను. ఇంకొకటి. మొదటి 15,000 మాటలు నచ్చక చించేసి మళ్లీ మొదలుపెట్టింది. ప్రేరణ ఒక్కటే చాలితే చించే పని లేదు.

ఏటిగట్టు:
పథకం ఒక్కటే చాలినా చించే పని లేదు! చేతిలో పథకం ఉండగానే 15,000 మాటలు పోయాయి కదా. ఇంగ్లండు తిరిగొచ్చాకే అది పూర్తయింది.

మల్లెపందిరి:
ఇంతసేపూ చదువుతున్నాను. ఇల్లు, రంధ్రాలు, అధ్యాయాల అంకెలు. భార్యని కాల్చి, పడవలో పెట్టి ముంచి, వేరే ఆడమనిషి శవాన్ని తన భార్యదని పాతిపెట్టించినవాడు మీ అందరికీ నాయకుడు. ఆ అమ్మాయి అతను హంతకుడని విన్న క్షణంలో ఆమెకి కలిగింది భయం కాదు, ఊరట. దీన్ని కొత్తవాళ్లకి ప్రేమకథ నమూనాగా చూపిస్తున్నారు. నా అభ్యంతరం అది.

సశేషం:
నమూనా అన్నది కట్టుబడికి మాత్రమే.

మల్లెపందిరి:
కట్టుబడే ఆ పని చేస్తోంది సశేషం గారూ. 19 అధ్యాయాలపాటు ‘నన్ను ప్రేమిస్తున్నాడా’ అని ఆమెతోపాటు మనల్నీ ఏడిపించి, జవాబుని హత్యతో కలిపి ఇచ్చారు. మనం జవాబు పుచ్చుకుని హత్యని వదిలేస్తాం. మీరు మెచ్చుకున్న ఆ ముడే మన తీర్పుని తినేస్తోంది. 1940 సినిమాలో సెన్సారు నియమాలు ఒప్పుకోక, రెబెకా తనే పడి తలకి దెబ్బ తగిలి చనిపోయినట్టు మార్చారు. భార్యని చంపినవాడు శిక్ష లేకుండా బయటపడకూడదన్నారు. నవలలో బయటపడతాడు.

పాత బైండు:
బయటపడతాడు, కానీ హాయిగా లేడు. మాండర్లీ తగలబడింది. ఇద్దరూ పరాయిదేశాల్లో హోటళ్ల వెంట తిరుగుతూ పాత సంగతులెత్తకుండా బతుకుతుంటారు. ఆ బతుకు రెండో అధ్యాయంలోనే ఉంది, ముగింపులో కాదు. శిక్షని ముందే చూపించి నేరాన్ని తర్వాత చెప్పింది. ప్రచురణకర్త గోలాంజ్ ప్రేమకథగా అమ్మాడు. ఆవిడకి ఆ ముద్ర నచ్చలేదు.

మల్లెపందిరి:
రెండో అధ్యాయం చదివేటప్పుడు అది శిక్ష అని ఎవరికి తెలుస్తుంది? అప్పటికి నేరమే తెలియదు కదా. ఇరవయ్యో అధ్యాయానికి వచ్చేసరికి అది మరిచిపోతాం.

లాంతరు:
ఇది నేనూ ఆలోచించలేదు. నోటుబుక్కులో ఆ పరాయిదేశపు బతుకు చివర్లోనే ఉంది, ఉపసంహారంగా. భర్త పేరు అప్పటికి హెన్రీ, ప్రమాదంలో అవిటివాడవుతాడు. రాస్తూ రాస్తూ దాన్ని మొదటికి తెచ్చింది. చివర్లోనే ఉంచి ఉంటే మీ ప్రశ్నకి జవాబు వేరేగా ఉండేది.

మల్లెపందిరి:
అవును. అప్పుడు పుస్తకం మూసేటప్పుడు కళ్ల ముందు ఆ అవిటి హెన్రీ ఉండేవాడు. ఇప్పుడు తగలబడుతున్న ఇల్లు ఉంది.

ఏటిగట్టు:
చివరికి మిగిలింది ఇల్లే అని మీరే అన్నారు.

మల్లెపందిరి:
చనిపోయిన మనిషి మిగలలేదని అన్నాను.