లండన్‌లో రైలు దిగి ట్యూబ్ (భూగర్భ మెట్రో) ఎక్కితే రెండు ఛార్జీలా?

ప్రశ్న: నేషనల్ రైల్లో యూస్టన్‌లో దిగి, నడిచెళ్లి యూస్టన్ స్క్వేర్‌లో ట్యూబ్ ఎక్కితే ఒకే ప్రయాణమేనాండీ?

జవాబు: ఒకటేనండీ. దిగిన గేట్లో, ఎక్కే గేట్లో కార్డు తాకించాలి. మధ్యలో కాఫీకి కూర్చుంటే మారడానికిచ్చే గడువు దాటి కొత్త ఛార్జీ మొదలవుతుంది.

జవాబు: అసలు తంటా ఫోన్‌తో. లోపలికెళ్లేటప్పుడు ఫోన్, బయటికొచ్చేటప్పుడు ఆ ఫోన్‌లో పెట్టుకున్న బ్యాంకు కార్డే తాకిస్తే సిస్టమ్ లెక్కలో రెండు వేర్వేరు కార్డులు. రెండు అసంపూర్ణ ప్రయాణాలు, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ!

జవాబు: హైబరీ అండ్ ఇజ్లింగ్టన్ లాంటి స్టేషన్లో రైలు మారితే గులాబీ రంగు రీడర్‌కీ కార్డు తాకించండి. జోన్ 1 (నగరం నడిమధ్య ప్రాంతం) తప్పించి వచ్చారని తెలిసేది దాంతోనే. ప్రయాణం మొదలుకీ ముగింపుకీ మాత్రం పసుపు రీడరే.

జవాబు: ఎలిజబెత్ లైన్ రైల్లో రీడింగ్ ఊరికి వెళ్లేవాళ్లకి ఆయిస్టర్ (లండన్ ప్రయాణ కార్డు) చెల్లేది వెస్ట్ డ్రేటన్ స్టేషన్ దాకానే. ఆపైకైతే మొదటి నుంచే బ్యాంకు కార్డు వాడండి.