బీచ్ దగ్గర కొత్త ఫ్లాట్: సోఫా, మంచం, వార్డ్‌రోబ్ ఏవి తీసుకోవాలి?

అడిగినవారు: నాలుగో_అంతస్తు

విశాఖలో బీచ్ రోడ్డుకి దగ్గర్లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. తాళాలు వచ్చే నెల ఇస్తామన్నారు. హాలు, డైనింగ్ కలిపి 20 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. పిల్లల గది 11 బై 10. లిఫ్ట్ తలుపు 800 మిల్లీమీటర్లు.

హాల్లోకి ఎల్ షేప్ సోఫా పడుతుందా? పిల్లల గదిలో 6 అడుగుల మంచం, 6 అడుగుల వార్డ్‌రోబ్ రెండూ పెట్టొచ్చా? వార్డ్‌రోబ్‌కి ఇంటీరియర్ వాళ్లు ఎండీఎఫ్ (కట్టె పీచు నొక్కి చేసే పలక) అంటున్నారు, వడ్రంగి ప్లై అంటున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం మంచం టేకుదే కావాలంటున్నారు. ఉప్పుగాలికి ఏది నిలబడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. కర్టెన్లు, గోడ అలంకరణ గురించి కూడా.

కొలతబద్ద:

ముందు గది కొలవండి, షాపు తర్వాత. కొలత గోడ మధ్యలో కాదు, కింద స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) దగ్గర తీసుకోవాలి. స్కర్టింగ్ ఒక్కో వైపు అర అంగుళం దాకా తినేస్తుంది. గోడ నుంచి గోడకి సరిగ్గా కొలిచి చేయించిన వార్డ్‌రోబ్ ఇరుక్కునేది అక్కడే.

మీ హాలు వెడల్పు 132 అంగుళాలు. సోఫా లోతు 36, టీవీ యూనిట్ 16 పోతే 80 మిగులుతుంది. సోఫాకి 18 అంగుళాల దూరంలో 24 అంగుళాల సెంటర్ టేబుల్ వేసినా టీవీ వైపు నడవడానికి 38 అంగుళాలు ఉంటుంది. కాబట్టి ఎల్ సోఫా పడుతుంది. పొడుగు చెయ్యి 8 అడుగులు దాటనివ్వకండి, లేకపోతే డైనింగ్ కుర్చీలు సోఫా వీపుకి తగులుతాయి. కుర్చీ వెనక్కి లాగి లేవాలంటే టేబుల్ అంచు నుంచి 30 నుంచి 36 అంగుళాలు వదలాలి. ఆరుగురికి 5 బై 3 అడుగుల టేబుల్ సరిపోతుంది.

అసలు చిక్కు లిఫ్ట్‌తో వస్తుంది. 800 మిల్లీమీటర్లంటే 31న్నర అంగుళాలే. కాళ్లు విప్పేసే సోఫా అయితే నిలబెట్టి ఎక్కించొచ్చు, అదీ లిఫ్ట్ లోపలి ఎత్తు సోఫా పొడవు కంటే ఎక్కువ ఉంటేనే. ఎల్ సోఫా రెండు ముక్కలుగా విడిపోతుందా అని బుకింగ్ ముందే అడగండి. 72 బై 78 స్ప్రింగ్ పరుపు మడత పడదు, మెట్ల మలుపు కూడా కొలవండి.

పిల్లల గదిలో మంచం తలవైపు 11 అడుగుల గోడకి, వార్డ్‌రోబ్ పక్కగోడకి పెట్టండి. 6 అడుగుల మంచం పట్టెలతో కలిపి 76 అంగుళాలు, వార్డ్‌రోబ్ 24. మిగిలేది 32. అంటే మంచం ఒక పక్క గోడకి ఆనుకోవాల్సిందే, దుప్పటి మార్చడం రోజూ ఓ కుస్తీ. 5 అడుగుల మంచం వేస్తే ఆ పక్క 14, ఈ పక్క 30 అంగుళాలు వస్తాయి. అదే వేయండి. కొనేముందు పాత పేపర్లు అంటించి నేలమీద మంచం, సోఫా ఆకారాలు పరిచి, తలుపులన్నీ తెరిచి చూసుకోండి.

పద్దెనిమిది_ఎంఎం:

సముద్రం పక్కన వార్డ్‌రోబ్‌కి ఎండీఎఫ్ వద్దు. పైన లామినేట్ ఎంత మెరిసినా, రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే నేలకి దగ్గరున్న అంచు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బినది మళ్లీ దిగదు. పార్టికల్ బోర్డులో (కట్టె పొట్టు నొక్కి చేసే పలక) అయితే హింజ్ స్క్రూ రంధ్రాలు వదులై తలుపు వాలిపోతుంది.

ప్లైలో ఐఎస్ 303 (భారతీయ ప్రమాణం నంబరు) కింద వచ్చే ఎంఆర్ గ్రేడ్, అంటే కాస్త తేమకి ఓర్చేది, పొడి గదులకి పనికొస్తుంది. మీ ఊళ్లో నీళ్లకి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లై తీసుకోండి. షీటు మీద ముద్ర ఉంటే చాలదు. ఒక చిన్న ముక్క కోయించి ఓ పూటంతా నీళ్లలో మరిగించండి. పొరలు విడితే జిగురు నాసిరకం. ప్రామాణిక పరీక్షలో 710కి 72 గంటల మరుగు పెడతారు, ఒక పూటకి అసలు చలించకూడదు.

7 బై 6 అడుగుల వార్డ్‌రోబ్‌కి, లోతు 2 అడుగులైతే, అరలు, డ్రాయర్లతో కలిపి 8 బై 4 షీట్లు 18 ఎంఎంవి ఆరు, వెనక్కి 6 ఎంఎంవి రెండు పడతాయి. ఎవరైనా ఎనిమిది, తొమ్మిది రాస్తే కటింగ్ లెక్క కాగితం మీద గీసి చూపించమనండి. చదరపు అడుగు రేటుకి ఇచ్చేవాళ్లు ముందువైపు 42 చదరపు అడుగులే లెక్కేస్తారు. ఆ రేటులో లోపలి అరలు, డ్రాయర్ ఛానళ్లు ఉన్నాయో లేదో రాయించుకోండి.

తలుపు వంకరపోయేది సాధారణంగా ఒక్కవైపే లామినేట్ వేసినప్పుడు. ఒక ముఖం మూసి రెండోది వదిలేస్తే తేమ ఒక పక్కనుంచే ఎక్కి పలక వంగుతుంది. బయట 1 ఎంఎం వేస్తే లోపల 0.8 అయినా వేయాల్సిందే, రంగు పూసి సరిపెట్టకూడదు. అంచులకి బయట 2 ఎంఎం, లోపల 0.8 ఎంఎం పీవీసీ బ్యాండింగ్ (అంచు మూసే ప్లాస్టిక్ పట్టీ). కంటికి కనబడదు కదా అని కింది అంచు వదిలేస్తారు, నీళ్లు పట్టేది ముందు అదే. వంగి చేత్తో తడిమి చూడండి.

ఇక హింజ్‌లు. నికెల్ పూత హింజ్ ఉప్పుగాలికి తొందరగానే తుప్పు ఎక్కుతుంది. 304 స్టెయిన్‌లెస్ అడగండి. చిన్న అయస్కాంతం తీసుకెళ్లి హింజ్‌లో తలుపులోకి దిగే గుండ్రటి కప్పు దగ్గర పెట్టండి, గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు. లోపలి స్ప్రింగ్‌కి అంటుకుంటే పర్లేదు. 7 అడుగుల తలుపుకి నాలుగు హింజ్‌లు, మూడుతో లాగించనివ్వొద్దు. బయటి గోడకి ఆనే వార్డ్‌రోబ్ అయితే వెనక ఒక అంగుళం ఖాళీ వదలండి. లేదంటే వానాకాలంలో బట్టల మీద తెల్లబూజు పడుతుంది.

చేవకట్టె:

పై సలహాలన్నీ బాగున్నాయి. కానీ పెద్దవాళ్ల మాటా కొట్టిపారేయకండి. మంచానికి టేకు మంచి ఎంపికే, చేవ కట్టె అయితే. టేకులో చెదలని ఆపే నూనెలు చేవలోనే ఉంటాయి, చుట్టూ ఉండే తెల్లకట్టెలో ఉండవు. షాపులో ముదురు రంగు పాలిష్ కొట్టి ఆ తెల్లదనం కప్పేస్తారు. పాలిష్‌కి ముందే చూడండి. పూర్తయిన మంచమైతే పట్టెల అడుగుభాగం, కోళ్ల లోపలి పక్క చూడండి, అక్కడ రంగు సరిగా కొట్టరు. మంచం కింద పిండిలా పొడి రాలుతుంటే పుచ్చు పురుగు మొదలైనట్టే.

మేకులతో కలిపిన పట్టె కదిలి కిర్రుమంటుంది. కోడులోకి తొలిచి దించిన పట్టెకి బోల్టు బిగించి ఉండాలి, అది విప్పి లిఫ్ట్‌లో కూడా తీసుకెళ్లొచ్చు. హైడ్రాలిక్ స్టోరేజ్ మంచం (పరుపు పైకి లేపితే కింద సామాన్ల పెట్టె ఉండేది) మాత్రం మీకు నేను చెప్పను. గాలాడని పెట్టె మీద పరుపు వేస్తే అడుగున బూజు ఖాయం. తప్పదంటే పరుపు కింది ప్లైలో అడుగుకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు వేయించండి.

నాలుగో_అంతస్తు:

ఎంత ఉపయోగమో! పిల్లల గదికి 5 అడుగులదే ఖాయం చేశాం. సోఫాకి రెక్సిన్ అనుకుంటున్నాం, తుడుచుకోవడం తేలిక కదా. సరేనా?

కొలతబద్ద:

పీయూ రెక్సిన్ (పైన పాలీయురేథేన్ పూత ఉండేది) ఆ తేమకి కొన్నేళ్లలో పొట్టు రాలుతుంది. గుడ్డ కవరు తీసుకోండి, జిప్ ఉండి విప్పి ఉతికేది. సీటు ఫోమ్ 40 డెన్సిటీ, వీపుకి 32 ఉంటే చాలు. సీటుకి తక్కువ డెన్సిటీ వేస్తే కూర్చున్న చోట గుంత పడుతుంది. షాపులో సోఫా తిరగేయించి, అడుగున ఉండే నల్లగుడ్డ ఓ మూల విప్పమని అడగండి. లోపల ఫ్రేము ఏ కట్టె, స్ప్రింగులా బెల్టులా, స్టేపుల్స్ తుప్పు పట్టాయా అన్నీ అక్కడే తెలిసిపోతాయి. విప్పనంటే ఇంకో షాపు చూసుకోండి.

లక్కరంగు:

కర్టెన్ లెక్క: 5 అడుగుల కిటికీకి రెండు పక్కలా ఆరేసి అంగుళాలు వదిలితే రాడ్డు 72 అంగుళాలు. కుచ్చు బాగా రావాలంటే రెండింతలు, 144. గుడ్డ పన్నా 48 అయితే మూడు ముక్కలు. కిటికీ పైనుంచి నేల దాకా 90 అంగుళాలైతే కుట్టు మడతలకి ఇంకో 12 కలిపి 102. మూడింటికీ కలిపి 8 మీటర్లు తీసుకోండి. నూలు గుడ్డ ముందే నానబెట్టి ఆరాక కుట్టించాలి, లేకపోతే మొదటి ఉతుకుకే నేల వదిలేసి పైకెక్కుతుంది. రాడ్డు, రింగులు స్టెయిన్‌లెస్‌వే.

అలంకరణకి దగ్గర్లోనే మంచి సరుకుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్ర, మొక్కల రంగులు. లక్క వేడికి మెత్తబడుతుంది, ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టకండి. శ్రీకాకుళం వైపు బుడితి ఇత్తడి అందంగా ఉంటుంది గానీ సముద్రగాలికి త్వరగా నల్లబడుతుంది. చింతపండుతో తోమే ఓపిక ఉంటేనే కొనండి. కలంకారీ గుడ్డ ఫ్రేమ్ కట్టించినా నేరుగా ఎండ తగిలే గోడకి వద్దు. ఫ్రేముల మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా తగిలిస్తే నిలబడి చూసేవాళ్లకి సరిగ్గా ఉంటుంది.

పద్దెనిమిది_ఎంఎం:

తగిలించే ముందు ఒక మాట. కొత్త ఫ్లాట్లలో చాలావరకు ఏఏసీ బ్లాకు (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మ) గోడలు. మామూలు ఇటుక గోడ ప్లగ్గు అందులో తిరిగిపోతుంది, బరువు పెడితే ఊడొస్తుంది. పేరు చెప్పి ఏఏసీ ప్లగ్గులే కొనండి. డ్రిల్లులో హ్యామర్ మోడ్ ఆపేయాలి, లేకపోతే రంధ్రం పెద్దదై చుట్టూ పెచ్చులూడతాయి. గోడ ఏదో తెలియకపోతే డ్రిల్లు పొడి చూడండి. ప్లాస్టరింగ్ దాటాక ఎర్రగా వస్తే ఇటుక, తెల్లటి మెత్తటి పిండిలా వస్తే ఏఏసీ. బరువైన టీవీకి ఆ గోడలో పొడవాటి ఫ్రేమ్ ప్లగ్గులు లేదా కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి బిగించే బోల్టు) వాడమనండి.