ఆర్కిటెక్చర్‌కి బ్యాకప్ కాలేజీలు ఎలా ఎంచుకోవాలి? (చెన్నై)

పాప ఎనిమిదో తరగతి నుంచి పన్నెండు దాకా చెన్నైలోనే. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షలు నాటా, జేఈఈ పేపర్ 2ఏ రెండూ రాస్తోంది. మొదటి ఆశ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్). అది రాకపోతే ఏం పెట్టుకోవాలి?

జవాబు 1
ఎస్‌పీఏలకు, ఎన్‌ఐటీలకు నాటా స్కోరు పనికిరాదండీ, పేపర్ 2ఏ ర్యాంకుతో జోసా (కేంద్ర సంస్థల ఉమ్మడి కౌన్సెలింగ్) ద్వారానే. కాబట్టి బ్యాకప్ మొత్తం నాటా మీదే నిలబెట్టండి. తమిళనాడు కౌన్సెలింగ్‌లో నాటాకు సగం, పన్నెండో తరగతి మార్కులకు సగం. బోర్డు పరీక్షలు వదిలేసి డ్రాయింగ్ మీదే పడితే దెబ్బతినేది ఇక్కడే. ఎనిమిది నుంచి పన్నెండు ఇక్కడే చదివింది కాబట్టి నేటివిటీ (స్థానికత) గొడవ లేదు. అన్నా యూనివర్సిటీ క్యాంపస్ పైన పెట్టండి, అది బ్యాకప్ కాదు, ఆశే!

జవాబు 2
బెంగళూరు కూడా చూడండి. కేఈఏ (కర్ణాటక ప్రభుత్వ కౌన్సెలింగ్) సీట్లకు సాధారణంగా కర్ణాటకలో ఏడేళ్ల చదువు అడుగుతారు, మీకు కుదరదు. కామెడ్‌కే (అక్కడి ప్రైవేటు కాలేజీల కౌన్సెలింగ్) అయితే నాటాతో బయటి రాష్ట్రాల వాళ్లూ వెళ్లొచ్చు, ఫీజు మాత్రం ఎక్కువ.

ఏ కాలేజీకైనా డబ్బు కట్టేముందు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ సైట్‌లో ఈ ఏడాది అనుమతి, సీట్ల సంఖ్య చూసుకోండి. గుర్తింపు లేని డిగ్రీతో ఆర్కిటెక్ట్‌గా రిజిస్ట్రేషన్ రాదు. ఐదేళ్లు వృథా.

జవాబు 3
చిన్న మాట: పేపర్ 2ఏ డ్రాయింగ్ షీట్ మీద వాటర్ కలర్స్ వాడనివ్వరు. కలర్ పెన్సిళ్లో క్రేయాన్లో, జామెట్రీ బాక్సూ మనమే పట్టుకెళ్లాలి.