నిలువ నీడ లేనివాళ్ళ బసని చర్చి సంస్థకి అప్పగించవచ్చా?

ఏటిగట్టు
మాది పశ్చిమ గోదావరిలో ఒక మున్సిపాలిటీ. బస్టాండు వెనక నిరాశ్రయుల వసతి గృహం అని బోర్డు తగిలించిన భవనం ఉంది. కట్టినప్పటినుంచీ తాళం తీసిన రోజుల కంటే వేసిన రోజులే ఎక్కువ. ఇప్పుడు దాన్ని నడపడానికి స్వచ్ఛంద సంస్థల్ని పిలిస్తే ఒక చర్చి సంస్థ ఒక్కటే ముందుకొచ్చింది. స్టేషన్ దగ్గరా, కాలవ వంతెన కిందా రాత్రిపూట అన్నం పొట్లాలు పంచేది చాలా ఏళ్ళుగా వాళ్ళే. దీంతో ఊళ్ళో రెండు పక్షాలయ్యాయి. ప్రభుత్వ భవనంలో ప్రార్థనలేంటని ఒకరు, ఇన్నేళ్ళూ మీరు రాలేదు కదా, వచ్చినవాళ్ళని ఎందుకు ఆపుతారని ఇంకొకరు.

నా మాట ముందే చెప్పేస్తున్నాను. వాళ్ళకే ఇవ్వాలి, కానీ షరతులు రాసుకుని ఇవ్వాలి. కౌన్సిల్‌కి అర్జీ పెడుతున్నాం. అందులో ఏం రాయాలో తేల్చుకుందామనే ఈ చర్చ. ఒక మతాన్ని తిట్టడానికి మాత్రం దీన్ని వాడకండి, దయచేసి.

పంచారామం వీధి
నేను వ్యతిరేకమండి. అన్నం పెట్టడం గోదావరి జిల్లాలకి ఎవరూ నేర్పక్కర్లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏరు దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. ఆవిడ 1909లో పోయారు, ఈనాటికీ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టుకున్నాం. తిన్నవాడిని కులం అడగలేదు, చెయ్యి కడుక్కున్నాక కూర్చోబెట్టి ఏదీ బోధించలేదు.

కడుపు కాలుతున్న మనిషి దేనికైనా తల ఊపుతాడు. ఆ తల ఊపడాన్ని విశ్వాసం కింద రాసుకోవడం అన్యాయం. ఎస్సీ కుటుంబాలకి ఇందులో ఇంకో చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు. ఏ ముసలమ్మ పేరో చర్చి పుస్తకంలో ఎక్కి, రేపు దాన్ని పట్టుకుని ఎవరైనా ఆమె మనవడి సర్టిఫికెట్ మీద పేచీ పెడితే పూచీ ఎవరిది?

టీ బండి
నాది స్టేషన్ బయట బండి. రాత్రి ఏం జరుగుతుందో చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

వాళ్ళు తొమ్మిదిన్నర దాటాక వస్తారు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఆటో డ్రైవరు, ఒక కాలేజీ కుర్రాడు. ప్లాట్‌ఫాం చివర కుళాయి దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు. కాలికి పుండు, కట్టిన గుడ్డ అతుక్కుపోయి ఉంటుంది. పొట్లాలు పంచడం అయ్యాక వాళ్ళలో పెద్దావిడ నా బండి మీద కాచిన నీళ్ళు ప్లాస్టిక్ టబ్బులో పోసి, చన్నీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి వేడి చూసుకుని ఆయన కాలు అందులో పెట్టిస్తుంది. ఆ గుడ్డ నానేదాకా పక్కనే గొంతుక్కూర్చుంటుంది. లాగదు. అదే ఊడి వచ్చాక పత్తితో తుడిచి, మందు రాసి, కొత్త కట్టు కడుతుంది. అప్పుడు తల మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థన. ఆయన రాములవారి భక్తుడు. ఆవిడ ప్రార్థన చేస్తుంటే ఈయన రామ రామ అనుకుంటాడు. ఆవిడ ఒక్కసారి కూడా వద్దనలేదు.

5 రూపాయలకి అన్న క్యాంటీన్ ఉంది, మంచిదే. ఆదివారం తెరవరు. పైగా కాలు కదపలేని మనిషి అక్కడిదాకా ఎలా వెళ్తాడు?

నర్సాపురం రేవు
టీ బండి తమ్ముడు చెప్పింది చదివాక రాయాలనిపించింది. నేను చరిత్ర చెప్పే మాస్టారిని.

ఈ తగువు మన ఊళ్ళో పుట్టింది కాదు. సాల్వేషన్ ఆర్మీ, అదే రక్షణ సైన్యం, దాని చరిత్ర పొడుగునా ఇదే ప్రశ్న. 1865లో విలియం బూత్, కేథరిన్ బూత్ దంపతులు లండన్ తూర్పు పేటల్లో దాన్ని మొదలుపెట్టారు. రక్షణ సైన్యం అన్న పేరు 1878లో వచ్చింది. తొలి రోజుల్లో వాళ్ళ ప్రధానమైన పని వీధి సువార్తే. ఒక రాత్రి బూత్ లండన్ బ్రిడ్జి మీదుగా వస్తూ కింద పడుకున్నవాళ్ళని చూసి, ఏదో ఒకటి చెయ్యమని కొడుకు బ్రామ్‌వెల్‌ని పట్టుబట్టాడని వాళ్ళు చెప్పుకుంటారు. 1888లో లండన్‌లోనే లైమ్‌హౌస్ అనే పేటలో అన్నం, బస రెండూ ఉన్న ఇల్లు తెరిచారు. తర్వాత వచ్చిన అలాంటి బసల్లో ఒక పెన్నీ ఇస్తే చలి లేని గదిలో బెంచీ మీద కూర్చోవచ్చు, పడుకోకూడదు. నాలుగు పెన్నీలిస్తే శవపేటిక లాంటి చెక్కపెట్టెలో పడక. సాయంత్రాలు పాటలు, ప్రార్థన కూడికలు.

1890లో బూత్ తన పథకాన్ని పుస్తకంగా రాశాడు. లండన్ వీధిలో బండి గుర్రం పడిపోతే ముందు లేపి నిలబెడతారు, ఎందుకు పడిందని తర్వాత చూస్తారు. బతికున్నన్నాళ్ళూ దానికి మేత, కొట్టం, పని ఉంటాయి. మనిషికి ఆ మాత్రమైనా ఉండాలి కదా అన్నది ఆయన వాదన. టి. హెచ్. హక్స్‌లీ, డార్విన్ పక్షాన నిలిచిన ఆ శాస్త్రవేత్తే, దీన్ని ఖండిస్తూ టైమ్స్ పత్రికకి వరసగా ఉత్తరాలు రాశాడు. ఆయన అభ్యంతరం అన్నం మీద కాదు. ఒక్క జనరల్ (బూత్ పదవి పేరు అదే) మాటకి ఎదురు చెప్పకుండా నడిచే దండుకి ఇంత డబ్బూ, ఇంతమంది పేదలూ అప్పజెబితే అదుపు చేసేదెవరు అన్నదే. 1892లో ఒక సంఘం కూర్చుని ఆ పథకం లెక్కలు చూసింది, సొమ్ము పక్కదారి పట్టలేదని తేల్చింది. మన అర్జీలో లెక్కల తనిఖీ కూడా చేర్చండి.

మన దగ్గర కూడా 1836లో మన దేశానికి వచ్చి, ఆ తర్వాత నర్సాపురం చేరిన బౌడెన్, బీర్ కుటుంబాలు సువార్త కోసమే వచ్చాయి. ఆ వరసలో వచ్చినవాళ్ళు బడీ, ఆసుపత్రీ, కుష్ఠు రోగులకి చోటూ పెట్టారు. రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టుల కుష్ఠు ఆశ్రమం అలాంటిదే. ఇంటివాళ్ళే గడప బయటికి నెట్టిన మనుషులకి ఈ డెల్టాలో దొరికిన నీడ అది. ఆ సంగతి మరిచిపోయి మాట్లాడకూడదు.

చీరాల దారి
మాస్టారూ, లండన్ అంతా చెప్పి స్టువర్టుపురం వదిలేశారు.

మాది ఎరుకల కుటుంబం, నేను పెరిగింది తణుకులో. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలకి పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. 1911లో దాన్ని సవరించాక మా వాళ్ళని సెటిల్మెంట్లలో పెట్టి, వాటిని నడిపే పని మత సంస్థలకి ఇచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913 నాటిది, నడిపింది రక్షణ సైన్యం. పేరు హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్లదొరది. ఎరుకలవాళ్ళు ఉప్పూ, ధాన్యమూ మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకుని బతికినవాళ్ళు. రైళ్ళూ, ఉప్పు మీద సర్కారు పెత్తనమూ వచ్చాక ఆ బతుకు దెబ్బతింది. తిరుగుతూ బతికే జనాన్ని ముందు దిక్కులేనివాళ్ళని చేసి, తర్వాత ఉద్ధరిస్తామని తీసుకెళ్ళారు.

అక్కడ బడి ఉంది, పొలం ఉంది, ప్రార్థన ఉంది. హాజరు కూడా ఉంది. పాసు లేకుండా దాటకూడదు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలు అక్కడినుంచి వెళ్ళారు. చట్టం 1952లో రద్దయింది. ఆ ఊరి పేరు చెబితే అనుమానంగా చూడటం మాత్రం పోలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, 2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి, కొవ్వూరు, నర్సాపురం రేవుల్లో పడుకునేవాళ్ళని ముందుగా ఖాళీ చేయించి, వ్యానుల్లో ఎక్కించి ఇలాంటి భవనాల్లో దింపేస్తారేమో అన్నది నా భయం. పోలీసులు తెచ్చి దింపితే తలుపు వేసి ఉంచే చోటు అయితే, నడిపేది చర్చి అయినా గుడి ట్రస్టు అయినా నాకొకటే. మెట్ల దగ్గర ప్రార్థన చేస్తే నాకేం బాధ లేదు. బయటికి పోతానంటే పోనిస్తారా?

నర్సాపురం రేవు
మీరన్నది నిజం. రెండు చోట్లా ఉన్నది ఒకే సంస్థ, అదే పాట, అదే ప్రార్థన. లండన్ బసలోకి వచ్చినవాడు పొద్దున్నే లేచి తన దారిన పోయాడు. స్టువర్టుపురంలో ఉన్నవాడికి ఆ వీలు లేదు, ఎందుకంటే అక్కడ సంస్థ వెనక చట్టం, పోలీసు ఉన్నారు. మనం ఇప్పుడు ఇచ్చేది ప్రభుత్వ భవనం. కాబట్టి రెండోదానికి దగ్గరగా జారే ప్రమాదం మనకే ఎక్కువ.

రాత్రి కాపలా
నేను చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రొయ్యల చెరువు మీద కాపలా, పడుకోడానికి పాక ఉంది. అంతకుముందు కొన్ని నెలలు బస్టాండు అరుగు మీద ఉన్నాను. ఎందుకు అన్నది ఇక్కడ వద్దు.

రాత్రి అన్నిటికంటే భయం సంచి పోతుందని. ఆధార్, బ్యాంకు పుస్తకం పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని బోర్లా పడుకునేవాణ్ణి. చెమటకి పుస్తకం అక్షరాలు అలికిపోయాయి, కొత్తది ఇవ్వడానికి అడ్రసు అడిగారు.

వేరే ఊళ్ళో ఒక చర్చివాళ్ళ బసలో కొన్నాళ్ళున్నాను. సాయంత్రం కూడికకి కూర్చోవాలి. నాకు పాటలు నచ్చాయండి. రోజంతా ఎవరూ పేరు పెట్టి పిలవరు, అక్కడ పిలిచేవారు. ఒకరోజు జ్వరమొచ్చి కూర్చోలేకపోయాను. కూడికకి రాలేదు కదా అని అన్నం ఆఖర్న పెట్టారు. తిన్నాను, మాట అనలేదు. మర్నాడు మళ్ళీ అరుగు మీదకే పోయాను.

ఇంకోటి. ఏడింటికి గేటు వేసేవారు. నాకు హోటల్లో గిన్నెలు కడిగే పని, పదిన్నరకి అయ్యేది. పని కావాలంటే బస లేదు, బస కావాలంటే పని లేదు. ప్రార్థన కంటే నాకు అదే పెద్ద దెబ్బ. మీరంతా దేవుడి గురించి మాట్లాడుతున్నారు. గేటు ఎన్నింటికి వేస్తారు, సామాను పెట్టుకోడానికి తాళం ఉన్న పెట్టె ఇస్తారా, అవి అడగండి.

పంచారామం వీధి
అన్నగారూ, మీరు రాసింది చదివి మనసు పాడైంది. మీ అన్నం ఆఖర్న పెట్టారే, నేను భయపడింది సరిగ్గా దానికే. కొట్టరు, తిట్టరు, వరసలో వెనక్కి జరుపుతారు. కాగితం మీద కనపడని బలవంతం అది. పెద్దావిడ లాంటి మనిషి ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, ఆవిడ తర్వాత వచ్చేవాడు ఎలాంటివాడో మనకి తెలియదు కదా.

పాత గుమాస్తా
మున్సిపాలిటీలో చేసి రిటైరైనవాణ్ణి. రూల్సు చెబుతాను.

2010 చలికాలంలో సుప్రీంకోర్టు గట్టిగా అడిగాకే ఈ వసతి గృహాల సంగతి కదిలింది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షలని తేలింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రకారం లక్ష పట్టణ జనాభాకి కనీసం 100 మందికి సరిపడా శాశ్వత వసతి ఉండాలని, అది 24 గంటలూ తెరిచి ఉండాలని రూలు పెట్టారు. మనిషికి 50 చదరపు అడుగులు. సామాను పెట్టుకునే పెట్టెలూ ఆ రూల్లోనే రాశారు. అంటే కాపలా తమ్ముడు అడిగింది దయ కాదు, హక్కు. రాజమండ్రి జనాభా మూడు లక్షలు దాటింది, అక్కడ ఎన్ని ఉండాలో మీరే లెక్క వేసుకోండి.

నడిపే పని సంస్థలకి ఇవ్వడానికి రూలు ఒప్పుకుంటుంది. మరి చర్చివాళ్ళే ఎందుకు మిగులుతారు? నేను పనిచేసిన చోట సంస్థకి రావాల్సిన బిల్లు నెలల తరబడి ఆగేది. ఆ నెలల్లో బియ్యం, గ్యాసు, వాచ్‌మన్ జీతం ఎవరిస్తారు? వెనక విరాళాలిచ్చే సంఘం ఉన్నవాళ్ళే తట్టుకోగలరు. చిన్న సంస్థలు ఒక్క ఏడాదికే చేతులెత్తేశాయి. చర్చి వద్దనేవాళ్ళు ముందు ఆ బిల్లు నెలనెలా వచ్చేటట్టు పోరాడండి, అప్పుడు ఇంకో నలుగురు ముందుకొస్తారు.

ఏటిగట్టు
మీ అందరి మాటలూ కలిపి ఇలా రాస్తున్నాను. గేటు రాత్రంతా తీసే మనిషి ఉండాలి, పని చూసుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళకి చోటు పోకూడదు. తాళం ఉన్న పెట్టెలు. రిజిస్టర్లో మతం గడి ఉండకూడదు, ఆ రిజిస్టరు మున్సిపాలిటీదే, చర్చి పుస్తకంలోకి పేర్లు ఎక్కించకూడదు. భోజనం వడ్డించే వేళకీ ప్రార్థన వేళకీ మధ్య గంట తేడా, ప్రార్థన వేరే గదిలో. తనంతట తాను వచ్చినవాళ్ళనే చేర్చుకోవాలి, పోలీసులు ఎత్తి తెచ్చినవాళ్ళని పెట్టి తలుపు వెయ్యకూడదు. లెక్కలు ఏడాదికోసారి నోటీసు బోర్డులో. ఈ మాట వాళ్ళ పెద్దావిడతో కూడా మాట్లాడాను. రిజిస్టరు సంగతికి వెంటనే ఒప్పుకుంది. వేరే గది అనగానే కాసేపు మాట్లాడలేదు. దీనికి మేం ఎవరినీ రమ్మని లాగలేదు బాబూ అంది, తర్వాత సరే అంది.

పంచారామం వీధి
ప్రార్థన ఆ భవనంలో కాకుండా వాళ్ళ చర్చిలో పెట్టుకుంటే సంతకం పెడతాను. రావాలనుకున్నవాళ్ళు అక్కడికే వెళ్తారు. వేరే గది అంటే నేను ఒప్పుకోలేను.

ఏటిగట్టు
మంచం మీదనుంచి లేవలేనివాడు ప్రార్థన కోరితే? నేను గది మాట అర్జీలోంచి తీసెయ్యను. మీ అభ్యంతరాన్ని దాని కింద మీ మాటల్లోనే చేర్చి పెడతాను, కౌన్సిల్‌ని తేల్చమందాం.

రాత్రి కాపలా
అర్జీ మీద సంతకాలు పెట్టేవాళ్ళందరికీ ఇళ్ళున్నాయి. అక్కడ ఉండబోయేవాళ్ళవి కూడా తీసుకోండి. నెలకోసారి కూర్చునే కమిటీలో వాళ్ళు ఇద్దరైనా ఉండాలని రాయండి, అందులో ఒకరు ఆడమనిషి.

పాత గుమాస్తా
రాద్దాం. సంతకం రానివాళ్ళ వేలిముద్ర చెల్లుతుంది, పక్కన చదివి వినిపించినవాళ్ళ పేరు వెయ్యాలి. అడ్రసు దగ్గర స్టేషన్ అనో, వంతెన కింద అనో రాస్తే చాలు. గురువారం సాయంత్రం టీ బండి దగ్గర కాగితాలతో ఉంటాను.